పదిమందికీ అందే కేకు

ఈ నెల మా శీర్షికకు వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఇంట్లో తయారుచేసే పుట్టినరోజు కేకుల గురించే ఉన్నాయి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వచ్చిన ఆ ఉత్తరాలను వరుసగా చదువుతూ పోతే, కేకు పొంగలేదు, మాడిపోయింది అన్న ఫిర్యాదుల కంటే, కష్టపడి చేసిన కేకును ఇంట్లో ఒకరు తినలేకపోయారన్న బాధే చాలామందిలో ఎక్కువగా కనిపించింది. అందుచేత ఈసారి సమాధానాలన్నిటినీ ఆ బాధను దృష్టిలో పెట్టుకునే రాస్తున్నాను. తినబోయేవారు ఎవరు, ఎంతమంది, కేకు ఎంత దూరం ప్రయాణం చేయాలి అన్న సంగతులు మైదా కొలవడానికి ముందే ఒక కాగితం మీద రాసుకుంటే, ఏ కేకు చేయాలన్నది చాలావరకు దానంతటదే తేలిపోతుంది.

రాజాం నుంచి ఒక పాఠకురాలు: మా మామగారి షష్టిపూర్తికి అరవైమంది దాకా బంధువులు వస్తున్నారు. మామగారూ అత్తగారూ గుడ్డు ముట్టరు. కేకు నేనే చేస్తానని అందరి ముందూ మాట ఇచ్చాను. పెరుగుతో చేసి చూస్తే రుచి బాగానే ఉంది కానీ, కోసేటప్పుడు పొడిపొడిగా రాలిపోయింది. గుడ్డు లేకుండా చక్కగా ముక్క తెగే కేకు ఎలా చేయాలి? అంతమందికి ఎంత కావాలి? ఒకవేళ కొనవలసి వస్తే అందులో గుడ్డు లేదని ఎలా నమ్మాలి?

సమాధానం: గుడ్డులోని మాంసకృత్తులు వేడికి గడ్డకట్టి కేకును లోపలి నుంచి పట్టి ఉంచుతాయి. అవి లేనప్పుడు ఆ భారమంతా మైదాలోని జిగురు మీద, ఉడికిన పిండి పదార్థం మీద పడుతుంది. నూనె, చక్కెర హద్దు దాటితే జిగురు బలహీనపడుతుంది. తడి తక్కువైతే పిండి సరిగా ఉడకదు. అయితే నాకు వచ్చే ఉత్తరాలను బట్టి చూస్తే, కేకు రాలిపోవడానికి అన్నిటికంటే పెద్ద కారణం వేడి మీద కోయడమే. కేకు పూర్తిగా చల్లారితే తప్ప లోపల బిగువు రాదు కనుక, గుడ్డు లేని కేకును ముందురోజు సాయంత్రమే చేసి, చల్లారిన తరువాత మూతపెట్టి ఉంచి, మరునాడు పళ్ళున్న బ్రెడ్డు కత్తితో కోయండి.

ఈ కొలతలతో ఒకసారి చేసి చూడండి. మైదా 190 గ్రాములు, చక్కెర 180 గ్రాములు, చిక్కటి పెరుగు 250 గ్రాములు, ఘాటైన వాసన లేని వంటనూనె 120 మిల్లీలీటర్లు, బేకింగ్ పౌడరు ఒకటింబావు టీస్పూను, వంటసోడా అర టీస్పూను, వెనిలా ఎసెన్సు ఒక టీస్పూను తీసుకోవాలి. పెరుగులో చక్కెర కరిగేదాకా గిలక్కొట్టి, బేకింగ్ పౌడరు, వంటసోడా వేసి ఐదు నిమిషాలు కదపకుండా ఉంచితే, పెరుగులోని పులుపుతో సోడా కలిసి మిశ్రమం నురగలుగా పొంగుతుంది. అప్పుడు నూనె, ఎసెన్సు కలిపి, జల్లించిన మైదాను రెండు మూడు విడతలుగా వేస్తూ ఉండలు పోయేంతవరకే కలపాలి. అంతకు మించి కలిపితే జిగురు ఎక్కువై కేకు గట్టిపడుతుంది. ముందుగా వేడిచేసిన ఓవెన్‌లో, 8 అంగుళాల గిన్నెలో, 180 డిగ్రీల సెల్సియస్ వద్ద 35 నుంచి 40 నిమిషాలలో ఇది కాలుతుంది. సోడాను ఉజ్జాయింపుగా వేయకండి. అది ఎక్కువైతే సబ్బు రుచి వస్తుంది, కేకు రంగు కూడా నల్లబడుతుంది.

ఈ కొలతకు దాదాపు 700 గ్రాముల కేకు వస్తుంది. భోజనం తరువాత తినే ముక్క మనిషికి 50 గ్రాములు చాలు కాబట్టి, అరవైమందికి మూడు కిలోలు, అంటే అంచులూ తరుగూ పోను ఇటువంటి కేకులు ఐదు కావాలి. అన్నిటినీ కలిపి ఒక పెద్ద పళ్ళెంలో కాల్చాలన్న ఆలోచన మానుకోండి, ఎందుకంటే అంత పెద్ద కేకు నడిమి భాగం కాలేలోపే అంచులు ఎండిపోతాయి. నలుచదరపు గిన్నెలలో ఐదు విడివిడిగా కాల్చి, బల్ల మీద పక్కపక్కనే చేర్చి పెడితే చూడడానికి ఒకే పొడవైన కేకులా ఉంటుంది, చతురస్రాలుగా కోస్తే ముక్కలన్నీ సమానంగా వస్తాయి. గుండ్రటి కేకును త్రికోణాలుగా కోసినప్పుడు మొదటివారికి పెద్ద ముక్క, చివరివారికి ముక్కలైన ముక్క మిగలడం ప్రతి వేడుకలోనూ చూస్తున్నదే.

కొనవలసి వస్తే, మూసి ఉన్న పెట్టె మీద శాకాహారాన్ని సూచించే ఆకుపచ్చ గుర్తు ఉండాలి. మన దేశంలో గుడ్డు కలిసిన ఆహారానికి ఆ గుర్తు వేయకూడదు. విడిగా అమ్మే కేకు అయితే గుడ్డు గురించే కాక, పైన పెట్టే జెల్లీలో, మెత్తటి మార్ష్‌మాలోలలో జెలటిన్ ఉన్నదేమో కూడా అడగండి, అది జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసేది. ఇంట్లోనే గుడ్డు ఉన్న కేకూ, లేని కేకూ రెండూ చేసేటట్లయితే గుడ్డు లేనిది ముందుగా, వేరే గిన్నెలతో ముగించండి. పెద్దలు అడిగినా అడగకపోయినా వారికి ఆ నిశ్చింత కల్పించడం చేసేవారి బాధ్యత అని నా అభిప్రాయం.

మీరు వాడే బేకింగ్ పౌడరు కూడా ఇటువంటి అక్కర నుంచే పుట్టిందని చెబితే మీకు సంతోషం కలుగుతుందనుకుంటాను. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో మందుల దుకాణం నడిపిన ఆల్‌ఫ్రెడ్ బర్డ్ భార్యకు గుడ్డు పడేది కాదు, ఈస్టూ పడేది కాదు. ఆమె కోసం ఆయన 1837లో గుడ్డు లేని కస్టర్డు పొడిని, 1843లో ఈస్టు అవసరం లేని బేకింగ్ పౌడరును తయారుచేశాడు.

పలాస నుంచి ఒక పాఠకురాలు: మా ఇంట్లో ఓవెన్ లేదు. కుక్కరులో చేస్తే కేకు అడుగు మాడిపోయి, నడుమ పచ్చిగా ఉండిపోతోంది. పైగా, వేసిన జీడిపప్పు అంతా అడుగుకు దిగిపోతోంది.

సమాధానం: మంట ఎక్కువగా ఉండడం, గిన్నె అడుగుకు దగ్గరగా ఉండడం ఈ రెండే మీ ఇబ్బందికి మూలం. కుక్కరు మూతకున్న రబ్బరునూ, పైనున్న బరువునూ తీసివేయాలి. ఇది మరచిపోకూడని విషయం. నీళ్ళు పోయకుండా, అడుగున ఒకటిన్నర కప్పుల ఉప్పు పరచి, దాని మీద స్టాండు పెట్టి, మూతపెట్టి మధ్యస్థమైన మంట మీద పది నిమిషాలు వేడిచేయాలి. తరువాత కేకు గిన్నెను స్టాండు మీద, కుక్కరు గోడలకు ఎక్కడా తగలకుండా ఉంచి, మంట పూర్తిగా తగ్గించి 45 నుంచి 50 నిమిషాలు ఓపిక పట్టాలి. ఉప్పు వేడిని అడుగంతా సమంగా పంచుతుంది, స్టాండు ఆ వేడి నేరుగా గిన్నెకు తగలకుండా కాపాడుతుంది. మొదటి అరగంట మూత తీయకండి. పొంగుతున్న పిండికి చల్లగాలి తగిలితే నడుమ కుంగిపోతుంది. నడుమ గుచ్చిన పుల్లకు పిండి అంటకపోతే కేకు అయినట్టే. పైనుంచి వేడి తగలదు కాబట్టి ఓవెన్ కేకుకు వచ్చే ఎర్రటి రంగు దీనికి రాదు, దాని కోసం మరికొంతసేపు ఉంచితే అడుగు మాడడం తప్ప ప్రయోజనం ఉండదు.

ఒక జాగ్రత్త చెప్పాలి. అల్యూమినియం కుక్కరును తడి లేకుండా పదేపదే వేడిచేస్తే లోహం దెబ్బతింటుంది, అటువంటి కుక్కరులో తిరిగి ఒత్తిడితో పప్పు ఉడికించడం ప్రమాదకరం. కేకు కోసం మందపాటి అడుగున్న పాత తపేలాను, దానికి సరిపడే బరువైన మూతను విడిగా పెట్టుకోండి. పని అదే విధంగా జరుగుతుంది.

జీడిపప్పు విషయానికి వస్తే, పలాసలో ఉన్నవారు గుండు పప్పు కోసం ఖర్చు పెట్టనక్కరలేదు. డబ్ల్యూ 320 రకం అంటే పౌనుకు దాదాపు 320 పప్పులు తూగే గుండు పప్పు. అది నైవేద్యానికో, కానుకకో బాగుంటుంది. కేకులో మునిగిపోయేది ఆ బరువైన గుండు పప్పే. బద్దలను బఠాణీ గింజంత ముక్కలుగా చేసి, దోరగా వేయించి, పూర్తిగా చల్లార్చి, ఒక చెంచా మైదాలో దొర్లించి పిండిలో కలపండి. పిండి దోసెల పిండిలా జారుగా ఉంటే ఎంత చిన్న ముక్కైనా దిగిపోతుంది కనుక, గరిటె నుంచి మెల్లగా, ముద్దగా జారేటంత చిక్కగా ఉండాలి. సగం ముక్కలను లోపల కలిపి, మిగతా సగాన్ని గిన్నెలో పిండి పోసిన తరువాత పైన చల్లితే కోసిన ప్రతి ముక్కలోనూ జీడిపప్పు ఉంటుంది, పిల్లలు తగవు పడరు.

చీపురుపల్లి నుంచి ఒక పాఠకులు: నాకు డెబ్బై రెండేళ్ళు. మనవడి పుట్టినరోజున కొవ్వొత్తి ఊది ఆర్పడం నాకు మనసొప్పదు. దీపం వెలిగించవలసిన రోజున ఆర్పడమేమిటని అంటే, ఇంట్లో నన్ను పాతకాలపువాడినని అనుకుంటున్నారు. నేను పంతానికి పోతున్నానా?

సమాధానం: మీది పంతం అని నేను అనుకోవడం లేదు. మన ఇళ్ళలో దీపాన్ని నోటితో ఊదకూడదని చిన్నప్పుడే నేర్పుతారు. ఆ అలవాటులో పెరిగినవారికి పుట్టినరోజు నాడు అందరూ చప్పట్లు కొడుతుండగా జ్వాలను ఊదడం ఇబ్బంది కలిగించడం సహజం. మీ అభ్యంతరానికి మరొక వైపు నుంచి కూడా బలం ఉన్నది. అమెరికాలోని క్లెమ్‌సన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2017లో ప్రచురించిన అధ్యయనంలో, కొవ్వొత్తులు ఊదిన తరువాత పైపూత మీద సూక్ష్మజీవులు సగటున 14 రెట్లు అధికంగా పెరిగినట్లు తేలింది. ఆరోగ్యంగా ఉన్నవారికి దీనివల్ల పెద్ద ముప్పు ఉండదు కానీ, జలుబు, దగ్గు ఉన్న పిల్లవాడు ఊదిన కేకును ఇంటిల్లిపాదికీ పంచడం మంచిది కాదు.

అయినా, తోటి పిల్లలందరూ చేసే సరదా తనకు లేకపోతే మీ మనవడు చిన్నబుచ్చుకుంటాడు. ఉదయం దేవుడి గదిలో మనవడి చేతనే దీపం వెలిగింపజేసి, హారతి ఇచ్చి, మీరు అక్షింతలు వేసి ఆశీర్వదించండి. సాయంత్రం కొవ్వొత్తి పెట్టాలనుకుంటే, అదే పిండితో కాల్చిన ఒక బుల్లి కప్పు కేకు మీద పెట్టమనండి. ఆ కప్పు కేకు వాడిదే, పంచే కేకుకు ఊపిరి తగలదు. మీ కోడలితో ఈ సంగతి ఆ రోజు సాయంత్రం అందరి ముందూ కాకుండా, వారం ముందుగా, కేకు ఎలా చేయాలో ఆమె ఆలోచిస్తున్నప్పుడే చెబితే ఆమె సంతోషంగా ఒప్పుకొంటుందని నా నమ్మకం.

నరసన్నపేట నుంచి ఒక పాఠకురాలు: కృత్రిమ రంగులు వద్దని పసుపు వేస్తే కేకు ఎర్రబడింది, బీట్‌రూట్ రసం వేస్తే మట్టి రంగు వచ్చింది. ఎందుకు?

సమాధానం: పసుపులో సున్నం కలిపితే పారాణి అయినట్టే, వంటసోడా క్షారగుణం వల్ల మీ పిండిలో పసుపు ఎర్రబడింది. సోడా తగ్గించి బేకింగ్ పౌడరు మాత్రమే వాడితే పసుపు రంగు నిలుస్తుంది. బీట్‌రూట్ ఎరుపు వేడికి తట్టుకోలేదు కాబట్టి దాన్ని లోపల కలపకుండా, కాల్చిన తరువాత పైన పూసే చక్కెర పూతలో రెండు చుక్కలు నిమ్మరసంతో కలపండి.

విజయనగరం నుంచి ఒక పాఠకురాలు: మా అమ్మకు మధుమేహం. ఆమె పుట్టినరోజుకు మైదా, పంచదార లేకుండా చోళ్ళ (రాగుల) పిండి, బెల్లంతో కేకు చేస్తే ఆమె ఎంతైనా తినవచ్చునని మా అప్ప అంటున్నది. నిజమేనా?

సమాధానం: మీ అప్పగారి ప్రేమను అర్థం చేసుకోగలను, కానీ ఆమె మాటను ఒప్పుకోలేను. అనకాపల్లి బెల్లం ఎంత మంచిదైనా అందులో అధిక భాగం పంచదారలో ఉన్న సుక్రోజే, అది రక్తంలో చక్కెరను దాదాపు అదే విధంగా పెంచుతుంది. చోళ్ళలో కాల్షియం, పీచు మైదాలో కంటే ఎంతో ఎక్కువ, నిజమే. కానీ అందులోనూ పిండి పదార్థం దండిగా ఉంటుంది. బెల్లం కేకు కదా అని రెండు ముక్కలు పెడితే మీ అమ్మగారికి మేలుకు బదులు కీడు జరుగుతుంది. ఆమెకు చూపే ప్రేమ చిన్న ముక్కలో ఉండాలి: వేలెడంత పొడవున్న సన్నటి ముక్క, అదీ ఖాళీ కడుపున కాకుండా భోజనం తరువాత, ఆ పూట అన్నం కొంత తగ్గించి. ఆమె వాడే మందులనుబట్టి వైద్యులను ముందే అడిగి పెట్టుకోండి.

ఆ హద్దులో ఉంటూ చేసుకునే చోళ్ళ కేకు మాత్రం నిజంగా రుచికరమైనది, మన ఉత్తరాంధ్ర ఇళ్ళలో ఇది ఇంకా ఎక్కువగా కనిపించాలని నా కోరిక. చోళ్ళలో కేకును పట్టి ఉంచే జిగురు లేదు కాబట్టి మొత్తం పిండిలో మూడో వంతు చోళ్ళ పిండి, మిగతా రెండు వంతులు గోధుమ పిండి వేయాలి. చోళ్ళ పిండిని అరగంట ముందు పెరుగులో నానబెడితే నోటికి గరగర తగలదు. బెల్లాన్ని కొద్ది నీళ్ళలో కరిగించి, ఇసుక పోయేలా పలుచని బట్టలో వడకట్టి, చల్లార్చి పోయాలి. వేడిగా పోస్తే పెరుగు విరుగుతుంది. బెల్లం కరిగించిన నీళ్ళు కూడా తడి కిందనే లెక్క కనుక, అంతమేరకు పెరుగు తగ్గించాలి. మామూలు కొలతలో తీపిని నాలుగో వంతు తగ్గించినా కేకు మెత్తదనం పెద్దగా చెడదు. అంతకంటే తగ్గిస్తే ఎండిపోయినట్టుంటుంది, ఎందుకంటే కేకులో తడిని నిలిపి ఉంచేది ఆ తీపే. బాగా మగ్గిన ఒక అరటిపండు మెదిపి వేస్తే ఆ లోటు కొంత తీరుతుంది.

టెక్కలి నుంచి ఒక పాఠకురాలు: మా పాపకు ప్రతి నెలా ఒక చిన్న కేకు చేసి ఫొటో తీస్తున్నాము. ఇప్పుడు ఏడో నెల. పంచదార బదులు తేనె వేసి చేస్తే పాప నోటికి కొంచెం రాయవచ్చునా?

సమాధానం: వద్దు. ఏడాది నిండని పిల్లలకు తేనె ఏ రూపంలోనూ పెట్టకూడదు. తేనెలో ఉండగల, బొటులిజం అనే జబ్బు తెచ్చే సూక్ష్మజీవి బీజాలు పసిపిల్లల పేగులలో మొలకెత్తి విషాన్ని తయారుచేస్తాయి, కేకు లోపలికి అందే వేడికి అవి చావవు. పంచదార కూడా రెండేళ్ళు నిండేదాకా వద్దు. పాపకు మెదిపిన అరటిపండు పెట్టి, కేకు పెద్దవాళ్ళు తినండి. పాపకు నాలుగైదేళ్ళు వచ్చేదాకా కేకులో గుండు జీడిపప్పు, బాదం ఉండకూడదు. అవి గొంతుకు అడ్డుపడతాయి. వేడుకలో మంచులా చల్లే నురగ స్ప్రేలను ఇంట్లోకి రానివ్వకండి, వాటిలో చాలావాటిని మండే వాయువుతో నింపుతారు, వెలుగుతున్న కొవ్వొత్తి దగ్గర చల్లితే క్షణంలో భగ్గుమంటుంది.

శ్రీకాకుళం నుంచి ఒక పాఠకులు: మా నాన్నగారి పుట్టినరోజు మే నెలలో. సోంపేటలో ఉన్న ఆయనకు నేనే క్రీము కేకు చేసి బస్సులో తీసుకువెళ్తే, దిగేసరికి పూలన్నీ కరిగి పెట్టెకు అంటుకుపోయాయి. క్రీము నిలిచే ఉపాయం చెప్పండి.

సమాధానం: వెన్న 32 నుంచి 35 డిగ్రీల మధ్య కరుగుతుంది, మే నెలలో బస్సు లోపల వేడి అంతకు మించే ఉంటుంది. కనుక ఏ ఉపాయమూ పూర్తిగా పనిచేయదు. కరగడం ఒక్కటే అయితే సర్దుకుపోవచ్చు, కానీ పాల క్రీము 32 డిగ్రీలు దాటిన వేడిలో గంటకు మించి ఉంటే తినడానికి పనికిరాదు. పెద్దవయసువారికి పెట్టే కేకు విషయంలో ఈ నియమాన్ని సడలించకండి.

పూత లేని కేకును తీసుకువెళ్ళండి. వెన్నతో కాక నూనెతో చేసినది ప్రయాణానికి మేలు, అది మెత్తగానే ఉంటుంది. కాల్చిన గిన్నెలోనే ఉంచి, పూర్తిగా చల్లారిన తరువాతే మూతపెట్టండి, లేకపోతే ఆవిరి నీరై పైభాగం జిగటగా మారుతుంది. సోంపేట చేరాక అక్కడే ఉద్దానం కొబ్బరికాయ ఒకటి కొట్టి, తురిమి, బెల్లంతో దగ్గరపడేదాకా ఉడికించి కొబ్బరి లౌజు చేయండి. చల్లారిన లౌజును, అడ్డంగా రెండుగా కోసిన కేకు నడుమ ఒక పొరగా, పైన మరొక పొరగా పరవండి. క్రీమే కావాలంటే నాన్నగారి ఇంట్లో ఫ్రిజ్ ఉన్నట్లయితే అక్కడే గిలక్కొట్టండి. అయితే దుకాణాలలో దొరికే 25 శాతం కొవ్వున్న ఫ్రెష్ క్రీము ఎంత గిలక్కొట్టినా నిలబడదు, 35 శాతం కొవ్వున్న విప్పింగ్ క్రీము తీసుకోవాలి. దాన్ని ఐసు పెట్టెలో పెట్టుకుని వెళ్ళి, గిన్నెనూ గిలక్కొట్టే పరికరాన్నీ పావుగంట ఫ్రిజ్‌లో ఉంచిన తరువాత మొదలుపెట్టండి. నాన్నగారు కోసిన వెంటనే పంచివేయండి, ఇరుగుపొరుగువారికి పంపే ముక్కలను క్రీము పూయకముందే విడిగా తీసి ఉంచండి.